నాయిన తాగని నీళ్లు

జుబేదా చాచీ నాకు ఫోన్ చేయదు. ఏదైనా చెప్పాలనిపిస్తే ఎవరి చేతనో కబురు పంపుతుంది. లేకపోతే నేను రంజాన్‌కు వెళ్లేదాకా మనసులోనే దాచుకుని అన్నీ ఒకేసారి చెబుతుంది. అందుకే రుద్రారంలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో, వాపసు వచ్చిన పుస్తకాలను అరల్లో సర్దుతున్నప్పుడు ఆమె పేరు ఫోన్‌లో కనబడేసరికి నాకు భయం వేసింది. బయట మెట్ల మీదికి వచ్చి ఎత్తాను.

"బేటా, నువ్వు జల్దీ రావాలె," అన్నది. "రోడ్డు పెద్దగ చేస్తున్నరు గద. మన రాయి కాడికి మిషన్ వచ్చి నిలబడ్డది."

"తీసేసిన్రా చాచీ?"

"లేదు. మిషన్ నడిపేటాయన తియ్యనంటుండు. కింద ఎవర్నో పెట్టిన్రు, వాళ్ల ఇంటి మనిషి వచ్చి సరే అంటెనే తీస్త అంటుండు. సూపర్‌వైజర్ ఒకటే లొల్లి. ఎవర్ని పిలవాలె చెప్పు? మీ చాచా లేడు, మీ నాయిన లేడు. సత్తయ్య కరీంనగర్ల బిడ్డ ఇంట్ల మంచం దిగుతలేడు. ఇగ నువ్వే ఉన్నవు."

"నేనొచ్చి ఏం చెప్పాలె చాచీ?"

"నాకేం తెలుసు? అన్ని బుక్కులు చదివినదానివి నువ్వు," అని పెట్టేసింది.

ఒక పూట సెలవు అడిగి, షేర్ ఆటోలో పటాన్‌చెరు వైపు కూర్చున్నాను. పక్కన కూర్చున్న అమ్మాయిలు కంపెనీ ఐడీ కార్డులు మెడలో వేసుకుని, ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నారు. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నా చేతులు ముందు చల్లబడతాయి, గొంతు తరువాత. చిన్నప్పటి నుంచీ అంతే. అయితే ఆ రోజు ఆటోలో నాకు గుర్తొచ్చింది నా భయం కాదు, మా ఇల్లు.

మా ఇంట్లో వారాలకు వేరే పేర్లు ఉండేవి. ఫస్ట్ షిఫ్ట్ వారం, సెకండ్ షిఫ్ట్ వారం, నైట్ వారం. నాయిన రసాయనాలు పోసే ఇనుప డ్రమ్ములు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డర్. ఆయన షిఫ్టును బట్టే మా పొయ్యి వెలిగేది, మా దీపం ఆరేది. ఫస్ట్ షిఫ్ట్ వారంలో తెల్లారకముందే అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. నైట్ వారంలో నాయిన పొద్దున్నే వచ్చి, సర్ఫు పొడిలో కొంచెం రంపపు పొట్టు కలిపి చేతులు రుద్దుకుని, రెండు రొట్టెలు తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాడు. ఇగ అప్పటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఎవరి గొంతూ లేవకూడదు. గిన్నె కింద పెడితే చప్పుడు కావద్దు. నానమ్మ దగ్గు వస్తే వాకిట్లోకి వెళ్లి దగ్గేది. నాకు మాట నేర్చే వయసులోనే గుసగుస నేర్పారు. నా నోరు చిన్నదైపోవడానికి కారణం అదేనని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం మీద కోపం లేదు. దుప్పటి కట్టిన కిటికీ అంచు నుంచి సన్నగా వచ్చే వెలుతురులో పుస్తకం పెట్టుకుని, నాయిన ఊపిరి వింటూ చదువుకున్న మధ్యాహ్నాలే నన్ను ఇప్పుడీ లైబ్రరీదాకా తెచ్చాయి. కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీ ఇచ్చే డైరీని నాయిన నాకే ఇచ్చేవాడు. "నోటితోటి చెప్పనిది అండ్ల రాసుకో," అనేవాడు. ఆ అలవాటు పోలేదు.

వాసనలతోనే మాకు దిక్కులు తెలిసేవి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే నానమ్మ తల ఎత్తకుండానే "ఇయ్యాల బొల్లారం గాలి" అనేది. ఘాటుగా, తియ్యగా, మందుల షాపులో నిలబడ్డట్టు ఉంటే అది పాశమైలారం వైపు గాలి. నాయిన చొక్కాకు మాత్రం ఎప్పుడూ థిన్నర్ వాసన, కాలిన ఇనుము వాసన. బోరు నీళ్లతో ఉతికితే నురగ వచ్చేది కాదు. ఆ నీళ్లు పట్టిన బిందె అడుగున ఎర్రటి పొర కట్టేది. తాగడానికి మంజీర నీళ్లే. అవి నల్లాలో రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ రోజు వాడకట్టంతా బిందెల చప్పుడే. మా తాత పాత ధోవతి ముక్కను నానమ్మ నాలుగు మడతలు పెట్టి, ప్రతి బిందెనూ వడగట్టేది. అందులో ఒక బిందెను విడిగా గడప పక్కన పెట్టేది. అది ఇంట్లోవాళ్లెవరూ ముట్టుకోకూడదు. మేము దాన్ని రాయి బిందె అనేవాళ్లం. దాన్ని ఫ్యాక్టరీ గేటు దాకా నానమ్మ నెత్తిన పెట్టుకుని నడిస్తే, వెనక నేను ఒక చిన్న చెంబు పట్టుకుని నడిచేదాన్ని.

గేటు పక్కన గోడకు ఆనుకుని ఆ రాయి ఉండేది. నా భుజం ఎత్తు నల్లరాయి. పక్కన మెడ దాకా మట్టిలో పాతిన పెద్ద కుండ. దాన్ని మా వైపు రంజన్ అంటారు. దాని మీద తడి గోనెపట్ట, ఒక స్టీలు గ్లాసు. రోడ్డుకు అవతలి వైపు జుబేదా చాచీ చాయ్ బండి, దాని వెనకే వాళ్ల ఇల్లు.

ఆ రాయి ఎందుకు వచ్చిందో నాకు నానమ్మ చెప్పింది, నీళ్లు వడగడుతూ, కొంచెం కొంచెంగా, కొన్నేళ్లలో. నేను ఇంకా బడికి పోని రోజుల్లో ఫ్యాక్టరీలో డ్రమ్ములకు రంగు వేసే చోట, రంగులో కలిపే థిన్నర్‌కు నిప్పు అంటుకున్నది. నాయిన దోస్తు నర్సింలు అందులో కాలిపోయాడు. నర్సింలును నాయినే ఒళ్లో పెట్టుకుని డీసీఎం వ్యాన్‌లో దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా నర్సింలు నీళ్లు అడిగాడు. నాయిన చేతిలో నీళ్ల సీసా ఉంది. కాలిన మనిషికి నీళ్లు పోయొద్దు, పోస్తే పానం పోతది అని వ్యాన్‌లో ఉన్న పెద్దవాళ్లన్నారు. నాయిన పోయలేదు. దవాఖాన రాకముందే నర్సింలు అడగడం మానేశాడు.

ఆ ఏడాది ఆగస్టులో యూనియన్ లీడర్ సత్తయ్య మామ గేటు మీటింగ్ పెట్టాడు. ఆయన ప్రతి ఏడూ హిరోషిమా రోజున మీటింగ్ పెట్టేవాడు. ఒక్క బాంబుతో ఊరు ఊరంతా ఎట్లా కాలిందో చెప్పేవాడు. కార్మికులు సగం విని సగం బస్సు కోసం చూసేవాళ్లు. ఆసారి మాత్రం ఆయన ఒక కొత్త సంగతి చెప్పాడు. కాలినవాళ్లంతా నీళ్లు నీళ్లు అని అడిగారట. నీళ్లిస్తే చచ్చిపోతారని చుట్టూ ఉన్నవాళ్లు ఇవ్వలేకపోయారట. అందుకే ఆ ఊళ్లో ఇప్పటికీ చచ్చిపోయినవాళ్ల గుర్తుగా నీళ్లు పెడతారట. నాయిన ఆ రోజు ఇంటికి వచ్చి తినలేదు. తెల్లారి సత్తయ్య మామ ఇంటికి పోయి, "మనం గూడ ఒక రాయి పెడుదాం మామా, నీళ్లు పెడుదాం," అన్నాడు.

నర్సింలు పేరే పెడదామని కొందరన్నారు. ఆయన భార్య ఒప్పుకోలేదు. "లారీల దుమ్ముల ఆయన పేరు నాకొద్దు," అన్నదట. అయితే హిరోషిమాలో పోయినవాళ్ల గుర్తుగానే పెడదామన్నారు.

జుబేదా చాచీ భర్త ఖాదర్ చాచా సంగారెడ్డిలో సమాధి రాళ్లు చెక్కే దుకాణంలో పనిచేసేవాడు. రాయి పని ఆయనదే. రాయి మీద ఏం రాయాలో తేల్చడానికి అందరూ చాచీ చాయ్ బండి దగ్గర కూర్చున్న సాయంత్రం నాకు లీలగా గుర్తుంది. నేను నాయిన మోకాళ్ల మధ్య నిలబడి, ఆయన చాయ్‌లో నా బిస్కట్ ముంచుకుంటున్నాను. సత్తయ్య మామ కాగితం నిండా రాసుకొచ్చాడు. ఖాదర్ చాచా దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి మడిచి పెట్టాడు.

"సత్తయ్య భాయ్, ఇదంత చెక్కాలంటె నాకు రాయి చాలదు, గుట్ట కావాలె."

"అన్ని ముఖ్యమైనవే రాసిన."

"ముఖ్యమైనవే. గనీ నువ్వు సామ్రాజ్యవాదం అన్నవనుకో, సగం రాయి ఆడనే అయిపాయె. ఇగ మిగిలిన సగంల చచ్చినోళ్లను ఏడ పెట్టాలె?"

"తెలుగు, ఉర్దూ, హిందీ మూడిట్ల కావాలె," అని ఎవరో గుర్తుచేశారు.

"అయితే మూడు గుట్టలు," అన్నాడు చాచా.

అందరూ నవ్వారు. సత్తయ్య మామ కూడా నవ్వి, "మరి నువ్వే చెప్పు, తక్కువల తక్కువ ఏం రాయాలె?" అన్నాడు. చాచా నాయిన వైపు చూశాడు. నాయిన గ్లాసులోకి చూసి, "యుద్ధం వద్దు. నీళ్లు తాగి పోండ్రి," అన్నాడు.

"నీళ్లెందుకు మధ్యల?" అని సత్తయ్య మామ అనబోయి ఊరుకున్నాడు. ఆయనకు వ్యాన్ సంగతి గుర్తొచ్చి ఉంటుంది. అదే చెక్కారు, మూడు భాషల్లో.

కానీ ఖాదర్ చాచా చేయి జీవితమంతా సమాధి రాళ్లకే అలవాటు పడింది. ఆయనకు తెలియకుండానే పై అంచు గుండ్రంగా తిప్పాడు. అక్షరాల కింద, పోయినవాళ్ల పేరు రాసే చోట, ఒక చదరం నున్నగా గీకి ఖాళీ వదిలేశాడు. గేటు దగ్గర దించాక గానీ ఎవరూ చూడలేదు. "ఇదేంది ఖాదర్, ఇది అచ్చం గోరీ లెక్క ఉన్నది," అన్నాడు సత్తయ్య మామ. చాచా రాయిని అటూ ఇటూ చూసి, తల గోక్కుని, "అవును భాయ్, గోరీనే అయింది," అన్నాడు. ఇంకో రాయి తెచ్చే ఓపిక ఎవరికీ లేదు. ఆ ఖాళీ చదరం అట్లాగే ఉండిపోయింది. నాయిన అటు పోయినప్పుడల్లా దాని మీది దుమ్మును బొటనవేలితో తుడిచేవాడు.

ఆ ఒక్క పొరపాటుతో రాయి సత్తయ్య మామ చేయి దాటిపోయింది. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు అది ఎవరో పెద్దమనిషి సమాధి అనుకుని దానికి దారాలు కట్టడం మొదలుపెట్టారు. లారీ డ్రైవర్లు అగరుబత్తి గుచ్చేవాళ్లు. గురువారం సాయంత్రాలు ఎవరో మల్లెపూలు పెట్టిపోయేవాళ్లు. నానమ్మ అయితే మొదటి రోజే బొట్టు పెట్టింది. సత్తయ్య మామ చూసి మొత్తుకున్నాడు.

"అవ్వా, అది దేవుడు కాదే."

"నేనెప్పుడన్న దేవుడన్ననా?"

"మరి బొట్టెందుకు పెట్టినవ్?"

"చచ్చినోళ్లకు బొట్టు పెడితె నీ యూనియన్‌కు ఏం నొప్పిరా? వాళ్ల ఇంటోళ్లు ఈడికి వచ్చి పెడతరా?"

తరువాత నానమ్మ ఇంటికి నడుస్తూ నాయినను అడిగింది, "ఇంతకు ఏడ చచ్చిన్రురా వాళ్లు?"

"జపాన్‌ల అవ్వా."

"అది ఏడ ఉంటది?"

"సముద్రం అవతల. మస్తు దూరం."

"గంత దూరం నించి మన రోడ్డు మీదికి ఎట్ల వచ్చిన్రు?"

"నీళ్ల కోసం వచ్చిన్రే," అన్నాడు నాయిన. ఆ తరువాత ఎన్నడూ నానమ్మ రాయి బిందెను వడగట్టకుండా పంపలేదు. ఇంట్లో తాగే నీళ్లకు మడత తగ్గినా, దానికి తగ్గేది కాదు.

ఆగస్టులో ఆ రోజు వచ్చిందంటే నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు బస్సులు ఎక్కకుండా రాయి ముందు వరసగా నిలబడేవాళ్లు. ఎక్కువగా ముసురు పట్టి ఉండేది. కొందరు ప్లాస్టిక్ సంచులు నెత్తిన కప్పుకునేవాళ్లు. ఎవరి నీళ్లు వాళ్లు తాగొద్దనేది అక్కడి పద్ధతి. వరసలో ముందున్న మనిషి రంజన్‌లో గ్లాసు ముంచి వెనకున్న మనిషికి ఇస్తాడు. ఆయన తాగి, మళ్లీ ముంచి, తన వెనకున్న మనిషికి ఇస్తాడు. ఫోర్‌మన్ స్వీపర్‌కు ఇవ్వాల్సి వచ్చేది, మాట్లాడుకోనివాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవాల్సి వచ్చేది. వరసలో చివరి మనిషికి ఇవ్వడానికి ఎవరూ ఉండరు కాబట్టి ఆయన తాగినాక ఇంకో గ్లాసు ముంచి రాయి మీద పోస్తాడు. అంతే. ఇళ్లకు పోతారు.

ఆ లెక్కన వరసలో ముందు నిలబడ్డ మనిషికి నీళ్లు అందవు. నాయిన ప్రతి ఏడూ అక్కడే నిలబడేవాడు. జుబేదా చాచీ రోడ్డు దాటి వచ్చి, "భాయ్, నువ్వు గూడ ఒక గ్లాసు తాగు," అనేది. ఆయన తల వెనక్కి తిప్పి చూపించి, "వెనకోళ్లు ఉన్నరు గదమ్మా," అనేవాడు. ఆమె మళ్లీ అడిగేది కాదు, కానీ మరుసటి ఏడు మళ్లీ అడిగేది.

నీళ్లకు ముందు ఎవరి పిల్లలైనా ఒకరు శాంతి ప్రతిజ్ఞ చదవాలి. నేను బాగా చదువుతానని ఒక ఏడాది సత్తయ్య మామ ఆ కాగితం నా చేతికిచ్చాడు. వారం రోజులు గోడకు చెప్పాను, బిందెకు చెప్పాను, నిద్రపోతున్న నాయినకు గుసగుసగా చెప్పాను. ఒక్క అక్షరం చూడకుండా వచ్చేది. తీరా రాయి ముందు నిలబడి, వానలో తడుస్తూ నిద్రకళ్లతో నావైపు చూస్తున్న అంతమందిని చూసేసరికి నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎవరో దగ్గారు. నా చేతిలో కాగితం తడిసి మెత్తబడింది.

"నోట్లె నాలుక లేని పిల్లను నిలబెట్టిన్రేందిరా," అన్నాడు సత్తయ్య మామ, కోపంగా కాదు, విసుగ్గా.

రోడ్డు అవతల నుంచి చాచీ గొంతు వినబడింది. "నీకు రెండున్నయి గద సత్తయ్య భాయ్. ఆ పిల్లకు ఒకటియ్యరాదు."

వరస మొత్తం నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. నాయిన వంగి నా చేతిలో కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ చేతిలోనే స్టీలు గ్లాసు పెట్టాడు. "మాట రాకుంటె ఏమాయె బిడ్డా. నీళ్లు ఇయ్యి. వాళ్లు అడిగింది గూడ నీళ్లే గద, మాటలు కావు," అన్నాడు. నేను గ్లాసు ముంచి ఆయనకు అందిస్తే, ఆయన దాన్ని వెనకున్న మనిషికి అందించాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మొదటి గ్లాసు ముంచే పని నాదైంది. ప్రతిజ్ఞ వేరే పిల్లలు చదివేవాళ్లు. మాట్లాడలేని పిల్లకు కూడా ఒక చోటు ఇవ్వొచ్చని తెలిసిన మనుషుల మధ్య పెరిగాను. అది ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలియలేదు. తరువాత చాలా చోట్ల మాట్లాడలేకపోయాను, కానీ ఎక్కడా నన్ను పనికిరానిదాన్ని అనుకోలేదు.

ఫ్యాక్టరీ మూతబడింది. యూనియన్ గదిలో టైర్ల దుకాణం వచ్చింది. కార్మికులు ఎటోళ్లు అటు పోయారు. నాయిన ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరి, ఆగస్టులో మాత్రం రాయి దగ్గరికి వచ్చి, దారిన పోయేవాళ్లను ఇద్దరినో ముగ్గురినో ఆపి వరస కట్టించేవాడు. నానమ్మ పోయింది. ఖాదర్ చాచా పోయాడు. నిరుడు ఎండాకాలానికి ముందు నాయిన పోయాడు. ఆయన చివరి రోజుల్లో దవాఖానలో గొంతు తడుపుకోవడానికి నేను చెంచాతో నీళ్లు పోస్తుంటే, ప్రతి చెంచాకూ నా వెనకకు చూసేవాడు. అక్కడ ఎవరూ లేరు నాయినా అని నేను చెప్పలేదు.

ఇప్పుడు మా వైపు ప్రతి ఇంటికీ నల్లా ఉంది. ఆటోల్లో నీళ్ల క్యాన్లు తిరుగుతాయి. ఫ్యాక్టరీకి పోయే ప్రతి పిల్ల సంచిలో ఒక సీసా ఉంటుంది. దప్పికైనవాళ్లు రోడ్డు పక్కన కుండ వెతుక్కోవాల్సిన పని లేదు. ఇది మంచిదే, నానమ్మ చూస్తే సంతోషపడేది. అయితే సాయంత్రం ఫోన్ తెరిస్తే ఏదో ఒక దేశంలో ఊళ్లు కూలుతూనే ఉన్నాయి. దుమ్ము పట్టిన పిల్లలు గిన్నెలు పట్టుకుని నీళ్ల ట్యాంకర్ వెనక పరుగెత్తుతారు. వేలితో పైకి తోస్తే వాళ్లు పోయి వంట వీడియో వస్తుంది. అప్పుడు జపాన్ ఎక్కడుందో తెలియని ముసలామె వాళ్ల కోసం నాలుగు మడతల గుడ్డలో నీళ్లు వడగట్టింది. ఇప్పుడు అన్నీ కళ్ల ముందే కనబడతాయి. నా చేతులు మాత్రం ఖాళీగా ఉంటాయి. నేను ఫోన్ మూసి డైరీ తెరుస్తాను, అంతకంటే ఏం చేయాలో తెలియక.

ఆటో దిగేసరికి పసుపురంగు మిషన్ తొండం గాలిలో ఆగి ఉంది. గోడ అప్పటికే పడగొట్టేశారు. రాయి ఒక్కటే ఇటుకల కుప్ప మధ్య నిలబడి ఉంది, బొట్టుతో, దారాలతో. మిషన్ నడిపేటాయన దాని ముందు చెప్పులు విడిచి గొంతుక్కూర్చుని ఉన్నాడు. జార్ఖండ్ మనిషట, నాయిన వయసులో కొంచెం తక్కువ. పక్కన ఇద్దరు కూలీలు. హెల్మెట్ పెట్టుకున్న సూపర్‌వైజర్ నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"మీరేనా మేడమ్? ఈమె ఫోన్ చేసింది మీకేనా? చూడుండ్రి, పొద్దటి సంది పని ఆగిపోయింది. కింద ఎవరూ లేరని ఒక్క మాట చెప్పుండ్రి ఆయనకు, చాలు." తరువాత గొంతు తగ్గించి, "లేరు గదా?" అన్నాడు.

"లేరు," అన్నాను.

"గదే చెప్పుండ్రి మరి. పది నిమిషాల పని. లారీల ఏసుకొని పోతం."

రెండు దారులే కనబడ్డాయి నాకు. ఉన్నారంటే అబద్ధం. లేరంటే తొండం దిగి, రాయి ఇటుకలతో పాటు లారీలో పడుతుంది. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. చేతులు చల్లబడ్డాయి.

మిషనాయన లేచి నిలబడి అడిగాడు, "నీచే కోయీ హై క్యా, దీదీ?"

"నహీ భయ్యా," అన్నాను. "నీచే కోయీ నహీ హై."

సూపర్‌వైజర్ చేయి ఊపాడు. మిషనాయన చెప్పుల్లో కాలు పెట్టబోయాడు.

"లేకిన్ యే హమారే లోగ్ హై," అన్నాను. కింద ఎవరూ లేరు, కానీ వీళ్లు మా వాళ్లే. ఆ మాట నా నోటి నుంచి గుసగుసగా కాకుండా రోడ్డు అవతలికి వినబడేంత గట్టిగా వచ్చింది. నాకే ఆశ్చర్యమైంది.

ఆయన చెప్పుల్లోంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. మీకు ఏమవుతారు అని అడిగాడు.

అప్పుడు చెప్పాను. నాకు వచ్చిన హిందీలో, రాని చోట తెలుగులో. ఒక ఊరి మీద బాంబు పడిందని, కాలినవాళ్లు నీళ్లు అడిగారని, ఇవ్వలేదని. ఇక్కడ ఈ గోడ వెనక కూడా ఒక మనిషి కాలిపోయాడని, ఆయన కూడా నీళ్లే అడిగాడని, మా నాయిన చేతిలో సీసా ఉండి కూడా పోయలేదని. అందుకే రాయి పెట్టారని, పక్కన కుండ పెట్టారని. నర్సింలు సంగతి నేను అంతకుముందు ఎవరికీ పైకి చెప్పలేదు, డైరీలో తప్ప. చాచీకి తెలుసు, అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నది. చిన్నప్పుడు నోటికొచ్చిన ప్రతిజ్ఞలో ఒక్క వాక్యం కూడా నాకు గుర్తురాలేదు. దాని అవసరం కూడా పడలేదు.

"పానీ మాంగా థా," అన్నాడు మిషనాయన తనలో తాను. నీళ్లు అడిగారా అని. తరువాత కూలీల వైపు తిరిగి బెల్టు తెమ్మన్నాడు, వెడల్పాటి నైలాన్ బెల్టు, మోటార్లు ఎత్తేది.

"ఏడ పెడతరు దీన్ని?" అన్నాడు సూపర్‌వైజర్, ఇగ అడ్డం చెప్పి లాభం లేదని తెలిసి. "రోడ్డు మీద జాగ లేదు."

"మా వాకిట్ల పెట్టున్రి," అన్నది చాచీ. "ఆ దిక్కు రోడ్డు పెరుగుతలేదు గద. ఆయన చెక్కిన రాయి, ఆయన ఇంటికే వస్తది."

రాయిని వాళ్లు పసిపిల్లను లేపినట్టు లేపారు. అది లేచిన గుంతలో ఎర్రమట్టి, కొన్ని చీమలు, ఇంకేం లేవు. మిషనాయన వంగి లోపలికి చూశాడు. చూసి కూడా, పిడికెడు మట్టి తీసి గుంతలో వేశాడు. తరువాతే మిషన్ ఎక్కి, రోడ్డు మీద లారీలను ఆపించి, తొండానికి వేలాడుతున్న రాయిని మెల్లగా రోడ్డు దాటించాడు. హారన్లు కొట్టినవాళ్లు కొందరు, సమాధి అనుకుని దండం పెట్టుకున్నవాళ్లు కొందరు.

చాచీ ఇంటి ముందు దాన్ని నిలబెట్టి మట్టి కొట్టేసరికి అందరూ చెమటలు కక్కుతున్నారు. గోడ పక్కన ఉన్న రంజన్ పొద్దున్నే పగిలిపోయింది. చాచీ తన ఇంట్లోని కుండ తెచ్చి రాయి పక్కన పెట్టింది. స్టీలు గ్లాసు మాత్రం పాతదే. పొద్దున మిషన్ రాగానే ఆమె ముందు దాన్నే కొంగులో దాచుకున్నదట. అది నా చేతికిచ్చింది.

నేను ముంచి మిషనాయనకు ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు తిరిగి ఇవ్వబోతే, ముంచి మీ వెనకాయనకు ఇవ్వండి అన్నాను. ఆయన కూలీకి ఇచ్చాడు. కూలీ రెండో కూలీకి. రెండో ఆయన కొంచెం జంకి, సూపర్‌వైజర్ ముందుకు చాచాడు. సూపర్‌వైజర్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని ఒక్క గుక్కలో తాగాడు. ఇప్పుడు చివరి మనిషి ఆయనే. ఇంకో గ్లాసు ముంచి రాయి మీద పోయాలి. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన గ్లాసు ముంచి, చుట్టూ చూసి, ఎవరూ మిగల్లేదని వరసంతా దాటుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మీరు తాగనే లేదు గద మేడమ్," అన్నాడు.

చాచీ నావైపు చూసింది. నేను అలవాటు కొద్దీ తల వెనక్కి తిప్పాను, నాయిన తిప్పినట్టే. నా వెనక రాయి ఒక్కటే ఉంది. ఖాళీ చదరం మీద కొత్త దుమ్ము పడి ఉంది. దాన్ని బొటనవేలితో తుడిచి, గ్లాసు అందుకుని, పూర్తిగా తాగాను.